సెల్ఫ్ కొట్టే ముందు ప్రార్థన

మా వ్యాన్‌కు ఒక జబ్బు ఉండేది. చావి తిప్పితే ఒక్కోరోజు టక్కున అందుకునేది. ఒక్కోరోజు మాత్రం సెల్ఫ్ మోటారు గుర్ర్ అని మూలిగి, కాసేపు ఆగి, మళ్లీ గుర్ర్ అని, ఇక లేవదులే అని మేము ఆశ వదులుకున్నాక లేచేది. లేవడం మాత్రం ప్రతిసారీ లేచేది. నాకు మండేది అక్కడే. పూర్తిగా ఆగిపోయిన బండినైతే నలుగురూ దిగి తోస్తారు, అయ్యో పాపం అంటారు. బద్ధకంగా లేచే బండిని చూస్తే నడిపేవాళ్లనే అనుమానిస్తారు. "నీకు సెల్ఫ్ కొట్టుడు సక్కగ వస్తలేదేమో" అన్నాడు మా ఆయన ఒకసారి. ఆయన ఆ వ్యాన్ నడిపింది ఒకే ఒక్కసారి, అదీ వెనక్కి, మా ప్రహరీ గోడలోకి. ఆ రోజు నుంచి స్టీరింగ్ నాది, సలహాలు ఆయనవి.

అది పన్నెండు సీట్ల డీజిల్ బండి. తొర్రూరు దిక్కు చాలా ఏళ్లు బడి పిల్లల్ని తిప్పి తిప్పి మా దగ్గరికి వచ్చింది. తెల్లరంగు వేయించాం కానీ ఎక్కడ కాస్త గీసుకున్నా కింద నుంచి పసుపుపచ్చ బయటపడుతుంది. ఇంట్లో ఉన్నది నేను, మా ఆయన, మా అత్తమ్మ. ముగ్గురికి పన్నెండు సీట్లు ఎందుకంటే అది అత్తమ్మ కోరిక. హసన్‌పర్తిలో మా వీధి నుంచి హనుమకొండలో చర్చికి వెళ్లే ముసలివాళ్లు ఆరేడుగురు ఉన్నారు. ఆదివారం పొద్దున ఆటోల్లో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వెళ్లేవారు. "మనకో పెద్ద బండి ఉంటే అందరం ఒక్కతాన పోవచ్చు గద బిడ్డా" అన్నది అత్తమ్మ. అట్లా వ్యాన్ వచ్చింది. మిగిలిన రోజుల్లో నేనొక్కదాన్నే ఆ పన్నెండు సీట్లనూ వెంటేసుకుని జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి వెళ్తాను. పిల్లలు కిటికీల్లోంచి చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఆదివారం ఆ బండి కదలాలంటే ముందు ప్రార్థన కావాలి. వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. ఆ పని అత్తమ్మది. మామయ్య స్కూటర్ కొన్ననాటి నుంచి మా ఇంట్లో ఏ చక్రం తిరగాలన్నా ఆమె ఆమేన్ అన్నాకే. అందరూ ఎక్కి కూర్చోగానే ఆమె నా సీటు వెనకాల కొంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకునేది. లోకంతో మొదలుపెట్టేది. దేశాన్ని దీవించి, రాష్ట్రాన్ని దీవించి, వానలు అడిగి, మా వీధి దాకా వచ్చేది. అంతవరకు నాకు వినబడేది. అక్కడి నుంచి ఆమె గొంతు తగ్గేది, వెనకవాళ్ల కోసం నేను వేసిన ఫ్యాన్ చప్పుడులో కలిసిపోయేది. నేను వాచీ చూసుకుంటూ ఉండేదాన్ని.

అత్తమ్మ ములుగులో ఉన్న మా ఆడబిడ్డ ఇంటికి వెళ్లినప్పుడో, దగ్గు పట్టినప్పుడో మాత్రం పెద్దసారు ప్రార్థన చేసేవాడు. పెద్దసారంటే మా వీధిలో రిటైరైన హెడ్మాస్టరు. బడి గంట కొట్టినట్టు చేసేవాడు. "తండ్రీ, మమ్ముల క్షేమంగ చేర్చు, ఆమేన్." అంతే. నాకు ఆయనంటే చాలా గౌరవం.

బండి జబ్బు చూపించడానికి మూడుసార్లు మెకానిక్ భాయ్ దగ్గరికి వెళ్లాను. దవాఖాన గుమ్మం ఎక్కగానే తగ్గిపోయే జ్వరంలాగా అక్కడ ఎప్పుడు చావి తిప్పినా టక్కున లేచేది. మొదటిసారి బ్యాటరీ టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లపొడిని వేడినీళ్లు పోసి కడిగాడు. రెండోసారి సెల్ఫ్ మోటారు విప్పి లోపల అరిగినవి మార్చాడు. మూడోసారి బ్యాటరీకి మీటరు పెట్టి, ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు బిగించి, "ఇగ ఫికర్ చెయ్యకుండ్రి మేడం" అన్నాడు. ఫికర్ ఎందుకు ఉండదు? మరుసటి ఆదివారం మళ్లీ గుర్ర్.

నాకు పంతం వచ్చింది. జబ్బు ఎందుకొస్తుందో తెలియనప్పుడు, ఎప్పుడెప్పుడు వచ్చిందో రాసిపెట్టాలని నేనే కదా పిల్లలకు చెప్పేది. ఒక పొడుగు నోట్‌బుక్ తీసి గడులు గీశాను. తేదీ, వేళ, ఎండా వానా, డీజిల్ ఎంత ఉంది, ఎంతమంది ఎక్కారు, బండి ఎత్తులో నిలిపానా పల్లంలో నిలిపానా, లేవడం ఫాస్టా స్లోనా. అన్నీ గీశాక కాగితం చివర కాస్త చోటు మిగిలింది. అక్కడ ఇంకో గడి గీసి "ప్రార్థన ఎవరు" అని రాశాను. ఎందుకు రాశానో తెలియదని అందరికీ చెప్పాను. అది అబద్ధం. అత్తమ్మ ప్రార్థన పొడవు మీద ఎన్నేళ్ల నుంచో నాకున్న విసుగు ఆ గడి గీయించింది.

మూడు నెలలు రాశాను. వానకు స్లో, ఎండకూ స్లో. నిండు ట్యాంకుతో స్లో, సగం ట్యాంకుతోనూ స్లో. మామూలు రోజుల్లో కాలేజీకి వెళ్లేటప్పుడు మాత్రం ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఏ గడితోనూ ఏదీ కలవలేదు, చివరి గడి తప్ప. అత్తమ్మ ప్రార్థన చేసిన ప్రతిసారీ స్లో. పెద్దసారు చేసిన ప్రతిసారీ ఫాస్ట్. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. నేను వంటింట్లో నిలబడి గట్టిగా నవ్వాను. మా ఆయనకు చూపించాను. ఆయన కూడా నవ్వాడు, వెంటనే నవ్వు ఆపేసి, "మా అమ్మకు సూపియ్యకు" అన్నాడు. చూపించలేదు. బండిలో డాష్‌బోర్డు మీద పెట్టి మర్చిపోయాను.

నా పక్కసీట్లో నర్సమ్మ అత్త కూర్చుంటుంది. సర్కారు దవాఖానలో చేసి రిటైరైంది, మోకాలు వంగదు కాబట్టి ముందు సీటు ఆమెది. ఎక్కడ కాగితం కనబడినా కేస్ షీటు అనుకుని చదవడం ఆమెకు ఉద్యోగంతోపాటు వచ్చిన అలవాటు. ఆ ఆదివారం చర్చికి వెళ్తుంటే నోట్‌బుక్ తీసి, కళ్లజోడు సర్దుకుని, అందరికీ వినబడేలా చదివింది.

"అత్తమ్మ, స్లో. అత్తమ్మ, చాలా స్లో. పెద్దసారు, ఫాస్ట్. అత్తమ్మ, స్లో... ఇదేంది బిడ్డా?"

అద్దంలో చూశాను. పెద్దసారు చొక్కా కాలరు సర్దుకుంటున్నాడు. "అంటే నా ప్రార్థన..." అని మొదలుపెట్టి, వినయంగా ఉండాలని గుర్తొచ్చి ఆగిపోయాడు. అత్తమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది.

మేము చర్చికి చేరేలోపే నర్సమ్మ అత్త ఆ పేజీ ఫోటో తీసి చర్చి ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. చెడ్డబుద్ధితో కాదు, ఆమెకు అదొక వింత కేసు. ఆరాధన అయ్యేసరికి ఒకామె వచ్చి తన కొడుకు బైకు కూడా పొద్దున్నే లేవడం లేదనీ, పెద్దసారు ఒకసారి వచ్చి ప్రార్థన చేయాలనీ అడిగింది. ఇంకొకాయన బోరు మోటారు గురించి అడిగాడు. పెద్దసారు డైరీ తీశాడు.

తిరుగు ప్రయాణంలో అందరం ఎక్కి కూర్చున్నాం. అలవాటుగా అందరూ తలలు వంచి అత్తమ్మ గొంతు కోసం ఎదురుచూశాం. "పెద్దసారూ, మీరే చెయ్యుండ్రి" అన్నది. ఆయన చేశాడు. బండి టక్కున లేచింది. జీవితంలో మొదటిసారి ఆ బండి మూలిగితే బాగుండని కోరుకున్నాను.

మరుసటి వారం కూడా పెద్దసారే. ఆ పైవారం అత్తమ్మ బైబిల్ సంచి పట్టుకుని, బండి దాటుకుని రోడ్డు మీదికి నడిచింది.

"ఎటు పోతాండ్లు అత్తమ్మా?"

"మీరు పోండ్రి. నేను ఆటోల వస్త. నేనెక్కితే బండికి బరువైతాంది."

కోపంగా అనలేదు. కోపంగా అంటే నేనూ ఏదో ఒకటి అని గెలిచేదాన్ని. ఎవరి చెప్పుల మీదో పొరపాటున కాలుపెట్టి పక్కకు తప్పుకున్నట్టు తప్పుకుంది. ఇంట్లో కూడా అంతే. కంచం ముందు కూర్చోగానే కళ్లు మూసుకునే మనిషి, ఇప్పుడు కొడుకు వైపు చూసి "నువ్వు చెయ్యిరా" అనేది. ఆయనకు రాదు. నీళ్లు నమిలి ఆమేన్ అనేవాడు. ఆ ఇంట్లో ఆమెకు మిగిలిన పని అదొక్కటే. వంట నా చేతికొచ్చింది, ఇంటి తాళాలు నా చేతికొచ్చాయి, చివరికి నోట్‌బుక్‌లో నాలుగు గీతలు గీసి ఆ పని కూడా లాక్కున్నాను. సిగ్గేసింది.

"అది ఉత్తగనే రాసిన లెక్క అత్తమ్మా, పట్టించుకోకుండ్రి" అన్నాను.

"లెక్క తప్పా బిడ్డా?"

తప్పు అనలేకపోయాను. లెక్క తప్పు కాదు, నేనే రాశాను. పోనీ బండి అమ్మేద్దామా అని కూడా అనుకున్నాను. అమ్మితే ఏమవుతుంది, ఆమె ప్రార్థన వల్లే బండి పోయిందంటారు.

మళ్లీ మెకానిక్ భాయ్ దగ్గరికే వెళ్లాను. ఈసారి నోట్‌బుక్‌తో వెళ్లి, సిగ్గు విడిచి చివరి గడి కూడా చూపించాను. ఆయన నవ్వలేదు. తలగోక్కుని, "మా దుకాన్ల మంచిగనే లేస్తది మేడం. మీ ఇంటికాడ ఎట్ల లేస్తలేదో నాకు సూపియ్యుండ్రి. ఆదివారం మీరు ఏమేం చేస్తరో అన్నీ చెయ్యుండ్రి, ఒక్కటి విడువకుండ" అన్నాడు.

సెలవురోజున ఇంటికి వచ్చాడు. ఒక్కటి విడువకుండా అంటే ప్రార్థన కూడా కావాలి. వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తమ్మను అడిగాను. తల ఎత్తలేదు. "దేవుని ముంగట మాట్లాడుడంటే మోటారు టెస్టింగ్ కాదు బిడ్డా" అన్నది. నేను భాయ్ దగ్గరికి తిరిగి వచ్చాను.

"మరెట్ల భాయ్?"

"అమ్మ ఎంతసేపు చేస్తదో గంతసేపు ఊకె కూసోండ్రి. మిగతాదంత మామూలే."

మా ఆయన ఫోన్ తీశాడు. "మా అమ్మది ఆరు నిమిషాలు. పండుగలకు ఎనిమిది." నేను ఎక్కి కూర్చున్నాను. ఎప్పటిలాగే చావి ఒక మెట్టు తిప్పి, వెనకవాళ్లకు ఫ్యాన్ వేశాను. వెనక ఎవరూ లేరు. భాయ్ బానెట్ ఎత్తి నిలబడ్డాడు. మా ఆయన గంభీరంగా నిమిషాలు చదువుతున్నాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగో నిమిషంలో భాయ్ ఒక వైరు మీద చెయ్యేసి, "యా అల్లా, గింత కాలుతాంది" అని చటుక్కున వెనక్కి తీసుకుని, చెయ్యి విదిలించుకుంటూ నవ్వడం మొదలుపెట్టాడు. ఆరో నిమిషం అయ్యాక, "ఇగ కొట్టుండ్రి" అన్నాడు.

గుర్ర్.

ప్రార్థన లేదు, ప్రార్థన చేసేవాళ్లు లేరు. బండి మాత్రం అచ్చం ఆదివారం మూలిగినట్టే మూలిగింది.

జరిగింది ఇది. పాత డీజిల్ ఇంజన్ చల్లగా ఉంటే లేవదని, లోపల వేడి చేయడానికి చిన్న హీటర్లు ఉంటాయి. చావి ఒక మెట్టు తిప్పితే అవి వెలుగుతాయి, కొన్ని సెకన్లలో వాటంతటవే ఆరిపోవాలి. మా బండిలో వాటిని ఆర్పే భాగం ఎప్పుడో పోయింది. మాకంటే ముందు ఎవరో దాన్ని తీసి పారేసి వైరు నేరుగా కలిపేశారు. చావి తిప్పి ఉన్నంతసేపూ అవి కాలుతూనే ఉంటాయి.

"పది సెకన్లు తినేటియి ఆరు నిమిషాలు తింటానయి మేడం. మీదికెల్లి ఫ్యాన్. బ్యాటరీల ఇంకేం మిగుల్తది?"

"మరి పెద్దసారు చేస్తే?"

"ఆయన ఎంతసేపు చేస్తడు?"

"ఐదు సెకన్లు."

"గదే" అన్నాడు భాయ్. అక్కడితో ఆగితే బాగుండేది. చేతులు తుడుచుకుంటూ ఇంకో మాట అడిగాడు. "ప్రార్థన అయినంక చావి తిప్పొచ్చు గద మేడం, ముందుగాలనే ఎందుకు తిప్పుతాండ్లు?"

"ఫ్యాన్ కోసం" అన్నాను. అది సగం నిజం. మిగిలిన సగం నాకూ ఆ దేవుడికీ తెలుసు. చావి టిక్కుమంటే, ఫ్యాన్ బుస్సుమంటే, డ్రైవరు తయారుగా ఉందనీ, ఇక ఆమేన్ అనమనీ అత్తమ్మకు అర్థమవుతుందని. నోటితో తొందరపెట్టే ధైర్యం లేక చావితో తొందరపెట్టాను. మూడు నెలలు అన్నీ రాశాను. చావి ఎవరు తిప్పారు, ఎప్పుడు తిప్పారు అనే గడి మాత్రం గీయలేదు.

భాయ్ ఆ వైరు తీసేసి, హీటర్లకు వేరే బటన్ పెట్టాడు. నొక్కినంతసేపే వెలుగుతాయి. నేను వాకిట్లోకి పరుగెత్తి అత్తమ్మకు అంతా చెప్పాను, నా తొందర సంగతి తప్ప. "మంచిదాయె బిడ్డా, బండి బాగైంది" అన్నది. ఆదివారం మళ్లీ ఆటోలోనే వెళ్లింది. నాకు అర్థమైంది. ఆమె పోగొట్టుకున్నది నలుగురిలో, నేను తెచ్చి ఇస్తున్నది వాకిట్లో. గ్రూపులో వివరంగా రాసి పెట్టాను. మూడు దండాల బొమ్మలు వచ్చాయి. నర్సమ్మ అత్త "ఎండకాలంల హీటర్ ఏంది?" అని అడిగింది.

మా చర్చిలో పాటలయ్యాక పాస్టరుగారు "సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి" అంటారు. జ్వరం తగ్గినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్తారు. పెళ్లయి వచ్చిన ఇరవై రెండేళ్లలో నేను ఒక్కసారి లేవలేదు. ఆ పైవారం లేచాను. పాస్టరుగారు ముందు నేను బయటికి వెళ్తున్నాననుకుని దారి ఇవ్వమన్నారు. మైకు ఇవ్వమన్నాను.

క్లాసులో చెప్పినట్టే చెప్పాను, నాకు ఇంకో రకంగా రాదు. గాలిలో బ్యాటరీ గీశాను, హీటర్లు గీశాను, వైరు గీశాను. "చావి తిప్పి పెడితే బ్యాటరీ దిగిపోతుంది" అన్నాను. వెనక నుంచి ఎవరో అలవాటుగా "స్తోత్రం" అన్నారు. "ప్రార్థన పొడుగైందని ఆ చావి తిప్పింది నేను. మా అత్తమ్మను తొందరపెట్టడానికి. బండిని పాడుచేసింది ఆమె ప్రార్థన కాదు, నా తొందర. లెక్క రాసినదాన్ని నేనే, నా పేరు ఒక్కటే రాయలేదు. నన్ను క్షమించండి అత్తమ్మా."

పెద్దసారు మెల్లగా లేచి, "మరి నేను ప్రార్థన చేసినంక ఆ బోరు మోటారు లేచింది గద?" అని అడిగాడు. దానికి కరెంటు వచ్చి ఉంటుందని చెప్పి కూర్చున్నాను. మూడో వరసలో అత్తమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని ఉంది. నా వైపు తిరగలేదు.

ఆరాధన అయ్యాక అందరూ బండి ఎక్కారు. నేను స్టీరింగ్ ముందు కూర్చుని గేటు వైపే చూస్తున్నాను. ఆమె వచ్చింది. ఆటోలు నిలబడే చోటు దాకా నడిచి, ఆగి, వెనక్కి తిరిగి వచ్చి బండి ఎక్కింది. తన సీట్లో పెద్దసారు కూర్చుని ఉన్నాడు. సీటు పక్కనే నిలబడింది. ఆయన లేచి వెనక్కి వెళ్లాడు.

కాసేపటికి నా భుజం పక్క నుంచి ఒక చెయ్యి ముందుకు వచ్చింది.

"చావి ఇటియ్యి."

తీసి ఇచ్చాను. దాన్ని పిడికిట్లో పట్టుకుని, కొంగు తలమీదికి లాక్కుని మొదలుపెట్టింది. లోకం, దేశం, రాష్ట్రం, వానలు. మా వీధి వచ్చింది. నర్సమ్మ అత్త మోకాలు, పెద్దసారు కళ్లు. అక్కడ గొంతు తగ్గింది. ఫ్యాన్ లేదు, చప్పుడేమీ లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ తర్వాతిది విన్నాను.

"తండ్రీ, ఈ బండి నడిపే బిడ్డ. వారమంత నిలవడి పాఠం చెప్పి, ఆదివారం సుత కుదురుగ కూసోకుండ మమ్ముల మోసుకపోతాంది. దాని కండ్లకు మంచి సూపు ఇయ్యి. దాని చేతులకు బలమియ్యి. నడుంనొప్పి తగ్గియ్యి. దానికి జర కోపం ఎక్కువ, నువ్వే సూసుకో..."

అట్లా ఇంకా చాలా ఉంది. కాలేజీలో నా ప్రిన్సిపాల్ గురించి కూడా ఉంది. లోకానికి ఒక నిమిషం, వీధికి ఒక నిమిషం, మిగిలినదంతా నాకే. నేను వాచీ చూసుకుంటూ, ఫ్యాన్ వేసి మూసేసింది ఆ భాగాన్నే.

ఆమేన్ అయ్యాక చావి నా అరచేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది. నేను వెనక్కి తిరిగి మా ఆయన వైపు చూశాను.

"ప్రతి వారం ఇదే కద చేసేది, నీకు ఇనవడదా?" అన్నాడు.

చావి పెట్టాల్సిన చోటు కనబడలేదు. కళ్లు తుడుచుకున్నా కనబడలేదు. వెనక అందరూ ఎదురుచూస్తున్నారు.

"ఏమైంది, మల్ల లేస్తలేదా?" అన్నది నర్సమ్మ అత్త.

"ఇంక తిప్పలేదత్తా."

"ఎంతసేపు బిడ్డా, కొట్టు" అన్నది అత్తమ్మ. "అన్నం యాళ్లైతాంది."